పేగుల్లోని బ్యాక్టీరియా మీద మొదటి గ్రాంటు: విజయవాడ, గుంటూరు యువ శాస్త్రవేత్తలు ఎలా అప్లై చేయాలి

పీహెచ్‌డీ అయింది. నంబూరు దగ్గరో, వడ్లమూడిలోనో, వడ్డేశ్వరంలోనో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరారు. లేదా ఎండీ ముగించి గుంటూరు జీజీహెచ్‌లోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో డ్యూటీలు చేస్తున్నారు. ప్రోబయోటిక్స్ (మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు) మీద, గట్ మైక్రోబయోమ్ (పేగుల్లోని సూక్ష్మజీవుల సముదాయం) మీద సొంతంగా ఒక ప్రాజెక్టు నడపాలని ఉంది. డబ్బెవరిస్తారన్నదే అందరూ మొదట అడిగే ప్రశ్న. ఇచ్చేవాళ్ళు ఉన్నారు. చిక్కల్లా టైముతోనే. గ్రాంటు కాల్, అంటే దరఖాస్తుల పిలుపు, తెరిచాక గడువు సాధారణంగా నెల, మహా అయితే నెలన్నర ఉంటుంది. ఆ నెల లోపల ఎథిక్స్ కమిటీ కూర్చోదు, రిజిస్ట్రార్ గారి సంతకం కిందికి దిగిరాదు, ఆసుపత్రిలో కో-పీఐగా (ప్రాజెక్టు సహ బాధ్యుడిగా) ఉంటానన్న డాక్టరు గారు ఫోన్ ఎత్తరు. అందుకే కాల్ రాకముందు చేయాల్సిన పనులకే ఇక్కడ ఎక్కువ చోటిస్తున్నాను.

1. మీకు సరిపడే స్కీము ఏదో తేల్చుకోండి

స్కీముల జాబితాలు నెట్‌లో బోలెడు. అన్నీ చదవొద్దు. మీ వయసు, మీ ఉద్యోగం రెగ్యులరా కాదా అన్న రెండు విషయాలతోనే ముప్పాతిక స్కీములు తప్పుకుంటాయి.

రెగ్యులర్ పోస్టులో ఉండి, వయసు 42 లోపయితే ముందు చూడాల్సింది అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. పరిశోధనలకు నిధులిచ్చిన పాత కేంద్ర సంస్థ సెర్బ్ స్థానంలో 2023 చట్టంతో వచ్చిన సంస్థ ఇది. అందరూ ఏఎన్‌ఆర్‌ఎఫ్ అంటారు. దీని ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంటులో మూడేళ్ళకు 60 లక్షల దాకా, ఓవర్‌హెడ్స్ (సంస్థ నిర్వహణ ఖర్చులు) అదనంగా ఇస్తారు. మహిళలకు, రిజర్వుడ్ వర్గాలకు వయసు సడలింపు ఉంది. ఎస్సీ, ఎస్టీ పరిశోధకుల కోసం ఇదే సంస్థ ఇన్‌క్లూజివిటీ రీసెర్చ్ గ్రాంటు విడిగా నడుపుతుంది. అర్హత ఉండి కూడా దాన్ని చూడకుండా వదిలేసేవాళ్ళు మన వైపు చాలామంది.

ఉద్యోగం ఇంకా రాలేదా? వయసు 35 లోపయితే ఏఎన్‌ఆర్‌ఎఫ్ వారి నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ రెండేళ్ళకు ఉంది. 27 నుంచి 32 మధ్య ఉండి, పేపర్లు గట్టిగా ఉంటే కేంద్ర సైన్సు, టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ) ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌కు వేయొచ్చు. ఐదేళ్ళపాటు నెలకు 1,25,000, పరిశోధన ఖర్చుకు ఏటా 7 లక్షలు. పోటీ తీవ్రం. కానీ ఇన్‌స్పైర్‌తో వచ్చే మనిషికి జీతం యూనివర్సిటీ ఇవ్వక్కర్లేదు కాబట్టి, మన చుట్టుపక్కల కొత్త యూనివర్సిటీలు సంతోషంగానే చోటిస్తాయి. అడగడానికి మొహమాటపడొద్దు.

డాక్టర్లయితే మీ దారి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) బయటి సంస్థలకిచ్చే ఎక్స్‌ట్రామ్యూరల్ గ్రాంట్లు, ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులు. ఇండియా అలయన్స్ అంటే కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ), బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008 నుంచి నడుపుతున్న కార్యక్రమం. ఆఫీసు హైదరాబాద్‌లోనే. మూడో దశకు కేంద్ర మంత్రివర్గం 2025 అక్టోబరులో 1,500 కోట్లు ఆమోదించింది, అందులో 1,000 కోట్లు మన ప్రభుత్వానివి, మిగతా 500 కోట్లు వెల్‌కమ్‌వి. ల్యాబు సైన్సు వాళ్ళకు, క్లినికల్ వాళ్ళకు, పబ్లిక్ హెల్త్ వాళ్ళకు అందులో వేర్వేరు ఫెలోషిప్పులు ఉంటాయి. క్లినికల్ విభాగంలో డాక్టర్లు పోటీపడేది డాక్టర్లతోనే, పదేళ్ళుగా ల్యాబులో ఉన్న పీహెచ్‌డీలతో కాదు. ఈ సంగతి తెలియక వెనకడుగు వేసేవాళ్ళున్నారు.

మరికొన్ని వరసగా చెప్పేస్తాను. పెళ్ళి, పిల్లల వల్ల కెరీర్‌లో గ్యాప్ వచ్చిన మహిళలకు డీబీటీ బయోకేర్, డీఎస్‌టీ వైజ్-కిరణ్. విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్ళకు రామలింగస్వామి రీ-ఎంట్రీ ఫెలోషిప్. కొత్తగా చేరిన యూనివర్సిటీ అధ్యాపకులకు యూజీసీ 2022లో ప్రకటించిన డీఎస్ కోఠారీ రీసెర్చ్ గ్రాంటు, రెండేళ్ళకు 10 లక్షలు. పరిశోధన కంటే ఉత్పత్తి మీద మనసున్నవాళ్ళకు డీబీటీ కింద నడిచే బైరాక్ సంస్థ వారి బిగ్ గ్రాంటు, 18 నెలలకు 50 లక్షల దాకా. హైదరాబాద్ ఐకేపీ నాలెడ్జ్ పార్కు దానికి భాగస్వామి. కోళ్ళు, రొయ్యలు, గేదెల ప్రోబయోటిక్స్ మీద పనిచేసేవాళ్ళు ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వైపు చూడాలి, గన్నవరం పశువైద్య కళాశాల వాళ్ళతో మాట్లాడాలి. అది వేరే లోకం, ఇక్కడ దానిలోకి వెళ్ళను.

ప్రోబయోటిక్ గ్రాంట్ల కోసం వెతికితే డానోన్, యాకుల్ట్ కలిసి పెట్టిన గ్లోబల్ ప్రోబయోటిక్స్ కౌన్సిల్ పేరు ముందుగా కనిపిస్తుంది. యువ పరిశోధకులకు దాని గ్రాంటు 50,000 డాలర్లు. చూసి ఆశపడొద్దు, అది అమెరికాలో పనిచేసేవాళ్ళ కోసం.

2. ప్రశ్నను కుదించండి

"కృష్ణా, గుంటూరు జిల్లాల ప్రజల గట్ మైక్రోబయోమ్ అధ్యయనం." ఇలాంటి టైటిల్ పెట్టిన ప్రపోజల్‌ను రివ్యూయర్ రెండో పేజీ తిప్పడు. ఎందుకంటే ఆ పని పెద్ద ఎత్తున జరిగిపోయింది. లాగ్‌ఎంపీఐఈ అనే అధ్యయనం దేశంలో 14 ప్రాంతాల నుంచి 1,004 మంది శాంపిళ్ళు తీసి చూసింది. 2019లో ఇంకో బృందం భోపాల్ ప్రాంతం వాళ్ళనీ కేరళ వాళ్ళనీ కలిపి 110 మందిని పోల్చి, భోపాల్ వైపు ప్రెవోటెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కువనీ, కేరళ వైపు బ్యాక్టిరాయిడిస్, ఫీకాలిబ్యాక్టీరియం వంటివి ఎక్కువనీ చెప్పింది. "మన ప్రాంతం వాళ్ళ మీద ఎవరూ చేయలేదు" అన్నది కారణంగా చాలదు. మన ప్రాంతంలోనే ఎందుకు చేయాలో చెప్పాలి.

మంచి ప్రశ్న ఎలా ఉంటుందో చూడాలంటే ఒడిశా అధ్యయనం తీసి చదవండి. 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం 149 గ్రామాల్లో 4,556 మంది నవజాత శిశువులను తీసుకుంది. కొందరికి వారం రోజులు ప్లాంటరమ్ అనే బ్యాక్టీరియాలో ఒకే ఒక్క స్ట్రెయిన్‌ను (ఆ జాతిలోని ఒక ప్రత్యేక రకాన్ని) దానికి తిండి అయ్యే ఫ్రక్టోఆలిగోశాకరైడ్‌తో కలిపి ఇచ్చారు, మిగతావాళ్ళకు ప్లసీబో (మందు లేని నకలు). చూసింది ఒక్కటే, రెండు నెలల్లో సెప్సిస్ (ఒంటినంతా దెబ్బతీసే తీవ్ర ఇన్ఫెక్షన్) గానీ మరణం గానీ ఎంతమందికి అన్నది. ప్లసీబో వైపు 9 శాతం ఉంటే, ప్రోబయోటిక్ వైపు 5.4 శాతం. అంటే 40 శాతం తగ్గుదల. ఇంత పెద్ద ట్రయల్‌కు చాలా ముందే, ఆ స్ట్రెయిన్ పసిపిల్లల పేగుల్లో నిలబడుతుందా లేదా అని చిన్న అధ్యయనంలో చూసుకున్నారు. మీ మొదటి గ్రాంటు ఆ చిన్న అధ్యయనం స్థాయిది. ఒక స్ట్రెయిన్ లేదా ఒక ఆహారం, ఒక రకం మనుషులు, ఒక ఫలితం.

మన దగ్గర దొరికే ప్రశ్నలు తక్కువేం కాదు. తరవాణి సంగతి తీసుకోండి. అన్నం, గంజి కుండలో పులియబెట్టే ఇళ్ళు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఒక్కో ఇంటి కుండలో ఏ లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా ఉంది, అది కడుపులోని ఆమ్లాన్నీ పైత్యరసాన్నీ తట్టుకుంటుందా అన్నది ల్యాబులోనే తేలే ప్రశ్న. 10 లక్షల గ్రాంటులో అయిపోతుంది. గుంటూరు అనగానే మిర్చి గుర్తొస్తుంది కాబట్టి, మిర్చి యార్డు కూలీల మీద క్యాప్సైసిన్ (మిర్చికి కారాన్నిచ్చే పదార్థం) ప్రభావం చూద్దామని ఏటా ఎవరో ఒకరు అంటుంటారు. నన్నడిగితే అది బలహీనమైన డిజైన్. యార్డులో మనిషి ఘాటు పీలుస్తాడు, దుమ్ములో బరువులు మోస్తాడు, వేళకు తినడు. తేడా కనబడినా అది కారం వల్లో కాదో చెప్పలేం. అదే ప్రశ్నను ఒకే మనిషికి కొన్ని వారాలు కారం తగ్గించి, కొన్ని వారాలు మామూలుగా పెట్టి, మధ్యలో విరామం ఇచ్చి క్రాసోవర్‌గా చేస్తే గట్టిపడుతుంది. గట్ బ్యాక్టీరియా మనిషికీ మనిషికీ ఎంతో తేడాగా ఉంటుంది. మనిషిని తనతోనే పోల్చితే ఆ గోల చాలా వరకు తగ్గుతుంది.

తనతోనే పోల్చడమన్న లెక్కలో చూస్తే, విజయవాడలో ఉన్నవాళ్ళకు కళ్ళెదుటే ఒక అవకాశం ఉంది. కార్తీకంలో వేలమంది అయ్యప్ప మాల, భవానీ మాల వేసుకుంటారు. 41 రోజుల మండల దీక్ష, లేదా 21 రోజుల అర్ధమండల దీక్ష. మాంసం, మందు మానేస్తారు, పూటలు తగ్గిస్తారు, తేదీలు ముందే తెలుసు. మాల వేయకముందు, దీక్షలో, విరమణ తర్వాత ఒకే మనిషి దగ్గర మూడు శాంపిళ్ళు తీస్తే ఎవరినీ ఏమీ తినమని బలవంతపెట్టకుండానే ఆహార మార్పు అధ్యయనం అయిపోతుంది. దీన్ని రాస్తే రివ్యూయర్‌కు ఇంకో ఊళ్ళో దొరకని డిజైన్ కనబడుతుంది. కాకపోతే నిద్ర, చన్నీళ్ళ స్నానం, నడక కూడా మారతాయని మీరే ముందుగా రాసేయాలి. ఇంకో సంగతి, శుచి పాటించే దీక్షలో ఉన్న మనిషిని మలం శాంపిల్ అడగడం చిన్న విషయం కాదు. గురుస్వాములతో ముందుగా కూర్చుని మాట్లాడండి. వాళ్ళు వద్దంటే అది వదిలేసి వేరే ప్రశ్న వెతుక్కోండి.

దీక్షల మీద చేయకపోయినా మన క్యాలెండర్ మీ అధ్యయనంలోకి దూరుతుంది. కార్తీకంలో, శ్రావణంలో చాలా ఇళ్ళలో ఉల్లి, వెల్లుల్లి మానేస్తారు. ఆ రెండింట్లోనూ ఫ్రక్టాన్లనే పీచు పదార్థాలు ఉంటాయి, పేగుల్లోని బైఫిడోబ్యాక్టీరియాకు అవి తిండి. మొదటి శాంపిల్ ఆశ్వయుజంలో తీసి రెండోది కార్తీకంలో తీస్తే, తేడా మీ ప్రోబయోటిక్ వల్ల వచ్చిందో పోపులో వెల్లుల్లి లేకపోవడం వల్ల వచ్చిందో తేలదు. రంజాన్ నెలకూ ఇదే జాగ్రత్త. టైమ్‌లైన్ బొమ్మలో ఇంగ్లీషు నెలల కింద ఈ మాసాలు కూడా గుర్తుపెట్టి చూపించండి. అలా చూపించిన ప్రపోజల్ నా కంట ఇంతవరకు పడలేదు.

3. స్ట్రెయిన్ పేరు తప్పులేకుండా రాయండి

ప్రోబయోటిక్ అంటే తగిన మోతాదులో ఇచ్చినప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు. ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ నిపుణులు 2001లో ఇచ్చిన నిర్వచనాన్ని ఐసాప్ అనే అంతర్జాతీయ సంఘం 2014లో మళ్ళీ ఖరారు చేసింది. దీని ప్రకారం ఇంట్లో తోడు పెట్టిన పెరుగు దానంతటదే ప్రోబయోటిక్ అయిపోదు. అందులో ఏ స్ట్రెయిన్ ఉందో, ఎంతుందో, ఏం మేలు చేసిందో చూపించాలి. "పెరుగు, ఆవకాయ వంటి ప్రోబయోటిక్ ఆహారాలు" అని ఉపోద్ఘాతంలో రాసేశారంటే తెలిసిన రివ్యూయర్ అక్కడే పెన్సిల్‌తో గీత గీస్తాడు. పులిసిన ఆహారం అనండి చాలు.

2020లో లాక్టోబాసిల్లస్ అనే పెద్ద ప్రజాతిని 25గా విడగొట్టారు. మనం చదువుకున్న లాక్టోబాసిల్లస్ ప్లాంటరమ్ ఇప్పుడు లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటరమ్, లాక్టోబాసిల్లస్ కేసీ ఇప్పుడు లాక్టికేసీబాసిల్లస్ కేసీ. కొత్త పేరు రాసి, పక్కన పాత పేరు ఒక్కసారి చెప్పండి. మీరు వేరుచేసిన స్ట్రెయిన్‌ను చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల భాండాగారంలోనో, పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ మైక్రోబియల్ రిసోర్స్‌లోనో డిపాజిట్ చేసి నంబరు తెచ్చుకుంటే, ప్రపోజల్‌లో ఆ ఒక్క నంబరే ఒక పేజీ వాదన చేస్తుంది.

ఐసీఎంఆర్, డీబీటీ కలిసి 2011లో ఆహారంలో ప్రోబయోటిక్స్‌ను అంచనా వేయడానికి మార్గదర్శకాలు ఇచ్చాయి. స్ట్రెయిన్ గుర్తింపు, ఆమ్లం, పైత్యరసం తట్టుకోవడం, భద్రత, ఆపైన మనుషుల మీద పరీక్ష అని వరస ఉంటుంది. మీ లక్ష్యాలను ఆ వరసలోనే పేర్చండి. యాంటీబయోటిక్ రెసిస్టెన్స్ జన్యువులు ఇంకో బ్యాక్టీరియాకు దాటే అవకాశం ఉందో లేదో చూడటం మర్చిపోవద్దు. మోతాదు విషయంలో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన రోజుకు కనీసం 10 కోట్ల బతికున్న కణాలు. మీ క్యాప్సూల్‌లో గానీ పెరుగు కప్పులో గానీ ఆ లెక్క చివరి రోజు వరకు నిలుస్తుందని చూపించే పరీక్ష కూడా ప్లాన్‌లో ఉండాలి. మే నెలలో బెజవాడలో ఆ కప్పు ఫ్రిజ్ బయట ఎంతసేపుంటుందో ఊహించుకోండి.

ప్లసీబో గురించి ఒక మాట. వేడిచేసి చంపిన అదే బ్యాక్టీరియాను ప్లసీబోగా పెడతామని రాస్తుంటారు. చచ్చిన కణాలకూ ప్రభావం ఉండొచ్చు, వాటికి 2021లో పోస్ట్‌బయోటిక్స్ అని నిర్వచనమే ఇచ్చారు. ప్లసీబోగా బ్యాక్టీరియా లేని పొడి వాడి, చంపిన కణాలను కావాలంటే మూడో గుంపుగా పెట్టండి.

4. కాగితాలు ఇప్పుడే కదిలించండి

ఇది విసుగు పుట్టించే భాగం. ప్రపోజల్ నిలిచేదీ పోయేదీ మాత్రం చాలాసార్లు ఇక్కడే.

మనుషుల శాంపిల్ ఏదైనా, అది మలమే అయినా, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆ కమిటీ కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ దగ్గర రిజిస్టరై ఉండాలి. మీ యూనివర్సిటీకి ఆసుపత్రి లేకపోతే గుంటూరు మెడికల్ కాలేజీలోనో, విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీలోనో, ఎయిమ్స్‌లోనో పనిచేసే గ్యాస్ట్రో, పీడియాట్రిక్స్ లేదా కమ్యూనిటీ మెడిసిన్ డాక్టరును కో-పీఐగా కలుపుకోవాలి. అక్కడి కమిటీ ద్వారా వెళ్ళాలంటే ఆ డాక్టరు గారే అప్లికేషన్ పెట్టాలి. అందుకని పేరు ఇస్తే చాలు సార్ అని అడగకండి. ఆయనకు అందులో ఏం మిగులుతుందో, ఎన్ని పేపర్లలో పేరు ఉంటుందో, ఓపీలో శాంపిల్ ఎవరు తీస్తారో ఒక పేజీలో రాసి ఇవ్వండి. ఓపీ రద్దీలో ఉన్న పీజీ మీ కోసం సమ్మతి పత్రం చదివి వినిపిస్తాడని అనుకోవద్దు. ఆ పనికి ప్రాజెక్టులో ఒక మనిషిని పెట్టాలి.

సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, అదీ మనుషులు మాట్లాడే తెలుగులో. "సూక్ష్మజీవ సముదాయ విశ్లేషణ నిమిత్తం" అని రాస్తే సంతకం పెట్టే ఆవిడకు ఏం అర్థమవుతుంది? "మీ దొడ్డికి వెళ్ళిన శాంపిల్‌లో ఏ క్రిములున్నాయో చూస్తాం" అని రాయండి. కమిటీలోని సామాన్య సభ్యులు దీన్నే ముందు చదువుతారు.

మనుషులకు ఏదైనా ఇచ్చి చూసే అధ్యయనమైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో మొదటి మనిషిని చేర్చుకోకముందే నమోదు చేయాలి. డబ్బు కట్టక్కర్లేదు. తర్వాత చేద్దామంటే 2018 ఏప్రిల్ నుంచి కుదరదు. జన్యు మార్పిడి చేసిన బ్యాక్టీరియా వాడితే ఇన్‌స్టిట్యూషనల్ బయోసేఫ్టీ కమిటీ దాటాలి. విదేశీ భాగస్వామి గానీ డబ్బు గానీ ఉంటే ఐసీఎంఆర్ ద్వారా హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీకి వెళ్ళాలి. కల్చర్లను విదేశీ ల్యాబుకు పంపాలన్నా, తరవాణి బ్యాక్టీరియా మీద పేటెంటు తీయాలన్నా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు వర్తిస్తాయి.

ప్రైవేటు సంస్థలో ఉన్నవాళ్ళు తమ సంస్థకు కేంద్ర డీఎస్‌ఐఆర్ శాఖ పరిశోధన సంస్థలకు ఇచ్చే సైరో గుర్తింపు ఉందో లేదో, ఉంటే దాని గడువు ఎప్పుడో రీసెర్చ్ డీన్ ఆఫీసులో అడగండి. గడువు దాటిన సర్టిఫికెట్ అప్‌లోడ్ అయితే సైన్సు ఎంత బాగున్నా ఫైలు పరిశీలన దశలోనే వెనక్కి వస్తుంది. ఎండార్స్‌మెంట్ లెటర్ నమూనా పోయినసారి కాల్‌లో దొరుకుతుంది. దాన్ని లెటర్‌హెడ్ మీద టైపు చేయించి, కాల్ తెరిచిన రోజే తేదీ వేసి సంతకానికి పంపండి.

5. చిన్న డబ్బుతో ముందస్తు డేటా

మొదటి గ్రాంటుకు డేటా కావాలి, డేటాకు డబ్బు కావాలి. ఈ చిక్కుముడి విప్పడానికి యూనివర్సిటీ సీడ్ గ్రాంటు, యూజీసీ డబ్బు, ఎంఎస్సీ, ఎంటెక్ ప్రాజెక్టు పిల్లలు ఉన్నారు. మెడికల్ కాలేజీలో అయితే ఎంబీబీఎస్ విద్యార్థులకు ఐసీఎంఆర్ ఇచ్చే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ కింద రెండు నెలల ముక్క ఒకటి చేయించొచ్చు. పదిహేను, ఇరవై శాంపిళ్ళు చాలు. ఈ దశలో రివ్యూయర్ చూసేది ఫలితాన్ని కాదు, మీకు పని చేతనవుతుందా అన్నదాన్ని. డీఎన్‌ఏ తీయగలిగారా, శాంపిల్ పాడవకుండా ఉంచారా, శాంపిల్ వేయని ఖాళీ ట్యూబును కూడా కంట్రోల్‌గా నడిపారా? ఆ ఖాళీ ట్యూబులో ఏం వచ్చిందో ఒక బొమ్మ పెట్టండి. కిట్ల నుంచే బ్యాక్టీరియా డీఎన్‌ఏ శాంపిళ్ళలోకి వస్తుందని తెలిసిన మనిషి అని మీ మీద నమ్మకం కుదురుతుంది.

సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ చదవడం) బయట చేయించడమే మేలు. ఒక్క జన్యువును చదివి బ్యాక్టీరియాను గుర్తించే 16ఎస్ పద్ధతి చవక, కానీ దానితో సాధారణంగా ప్రజాతి స్థాయి వరకే నమ్మకంగా చెప్పగలం. ప్రశ్న స్ట్రెయిన్ గురించి అయితే షాట్‌గన్ మెటాజీనోమిక్స్ (శాంపిల్‌లోని మొత్తం డీఎన్‌ఏ చదవడం) గానీ, ఆ స్ట్రెయిన్‌నే పట్టే క్యూపీసీఆర్ గానీ రాయాలి. ప్రశ్న స్ట్రెయిన్ గురించి, పద్ధతి 16ఎస్. తిరస్కరణ లేఖల్లో నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే.

మైనస్ 80 ఫ్రీజర్ ఉందని రాస్తే చాలదు. కరెంటు పోతే జనరేటర్ ఎన్ని గంటలు, అలారం ఎవరి ఫోనుకు వస్తుంది, రెండో కాపీ శాంపిళ్ళు ఎక్కడ అన్నది కూడా ఒక్క వాక్యంలో రాయండి. ఊళ్ళ నుంచి శాంపిళ్ళు తెచ్చేట్టయితే గది వేడిలో కూడా డీఎన్‌ఏను కాపాడే ద్రావణం ఉన్న ట్యూబులు వాడండి. మొత్తం ఐస్ మీదే ఆధారపడితే తెనాలి నుంచి మంగళగిరి వచ్చేలోపే నీళ్ళవుతుంది. బతికున్న బ్యాక్టీరియాను పెంచాలంటే మాత్రం ఆ ట్యూబులు పనికిరావు, ఆక్సిజన్ తగలకుండా తేవాలి. రెండు పనులుంటే రెండు రకాల ట్యూబులు.

6. బడ్జెట్

60 లక్షలు ఇస్తారు కదా అని 60 లక్షలకు లెక్క పేర్చకండి. పని నుంచి లెక్క కట్టుకుంటూ రండి.

మొదట మనిషి. జేఆర్‌ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలోకు) నెలకు 37,000, మూడో ఏడు ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) అయితే 42,000. మూడేళ్ళకు 13 లక్షల 92 వేలు, దీనికి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. కేంద్ర లెక్కల్లో విజయవాడ, గుంటూరు వై తరగతి నగరాలు. కానీ క్యాంపస్‌లు చాలావరకు ఊరి బయటే ఉన్నాయి కాబట్టి మీ చోటుకు ఏ రేటు వర్తిస్తుందో అకౌంట్స్ సెక్షన్‌లో అడిగి వేయండి. ఊళ్ళు తిరిగే పనైతే ఫీల్డ్ అసిస్టెంట్ కూడా కావాలి.

సీక్వెన్సింగ్‌కు మూడు కంపెనీల దగ్గర జీఎస్టీతో కలిపి కొటేషన్లు తెప్పించి అప్‌లోడ్ చేయండి. శాంపిళ్ళ సంఖ్యకు పదో వంతు కలిపి లెక్కకట్టండి, ఎందుకంటే కొన్ని పాడవుతాయి, కంట్రోళ్ళూ ఉంటాయి. పరికరాల్లో ఎనరోబిక్ జార్ (ఆక్సిజన్ లేకుండా బ్యాక్టీరియాను పెంచే పాత్ర), చిన్న ఫ్రీజర్ అడిగితే ఎవరూ కాదనరు. సీక్వెన్సర్ అడిగితే ప్రపోజల్ మీదే అనుమానం వస్తుంది. అందరూ మర్చిపోయే పద్దులు కొన్నున్నాయి: పాల్గొన్నవాళ్ళకు దారి ఖర్చులు, ట్రయల్ అయితే ఇన్సూరెన్స్, డేటా విశ్లేషణకు కంప్యూటింగ్, కొరియర్.

7. రాయడం

మొదటి పేజీ మీ రంగం కాని మైక్రోబయాలజిస్టుకు అర్థమవ్వాలి. లక్ష్యాలు మూడుకు మించొద్దు, రెండైనా నష్టం లేదు. రెండో లక్ష్యం మొదటిది ఫలిస్తేనే జరిగేలా పెట్టకండి, మొదటిది పోతే మొత్తం పోతుంది. ఎంతమంది కావాలో స్టాటిస్టిక్స్ తెలిసిన మనిషితో లెక్క కట్టించి, ఆ లెక్కను కనిపించేలా రాయండి. పోయిన ఆరు నెలల్లో యాంటీబయోటిక్ వాడినవాళ్ళను తీసుకుంటారా లేదా, ఆహారాన్ని ఎలా నమోదు చేస్తారు అన్నవి తప్పనిసరి. మన దగ్గర మందుల షాపులో అడిగితే యాంటీబయోటిక్ చేతికిచ్చేస్తారు, చీటీ ఉండదు. "ఏమైనా మాత్రలు వాడారా" అని కాకుండా, ఖాళీ స్ట్రిప్పుల ఫోటోలు చూపించి అడుగుతామని రాస్తే ఊరు తెలిసిన మనిషి రాశాడని తెలుస్తుంది. 2021లో వచ్చిన స్టార్మ్స్ చెక్‌లిస్టు మనుషుల మైక్రోబయోమ్ పేపర్ల కోసం తయారైనదే. దాన్ని పక్కన పెట్టుకుని పద్ధతుల భాగం రాస్తే ఏదీ జారిపోదు. సీక్వెన్సులను ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో పెడతామన్న వాక్యం డేటా ప్లాన్‌లో ఉండాలి.

"మధుమేహాన్ని నయం చేస్తుంది", "రోగనిరోధక శక్తి పెంచుతుంది" లాంటి మాటలు తీసేయండి. అవి అమ్మకానికి పెట్టిన డబ్బాల మీది మాటలు.

కంపెనీ డబ్బు తీసుకోవచ్చా అని అడుగుతుంటారు. తీసుకోవచ్చు. డెయిరీలు, మందుల కంపెనీలు ప్రోబయోటిక్స్ మీద ఆసక్తితోనే ఉన్నాయి. ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు మీదేనని ఒప్పందంలో రాయించుకోండి. రాయనంటే వద్దనండి.

8. ఫలితం వచ్చాక

రాకపోతే రివ్యూ వ్యాఖ్యలు తెప్పించుకోండి. కోపం తగ్గేదాకా వారం ఆగి చదవండి. "నవ్యత లేదు" అంటే ప్రశ్న మార్చాలి. "సాధ్యం కాదు" అంటే ముందస్తు డేటా కావాలి. "బృందం బలహీనం" అంటే కో-పీఐని వెతకాలి. మూడింటికీ మందు వేరు. అదే ఫైలును ఇంకో సంస్థకు యథాతథంగా పంపేవాళ్ళున్నారు. ఈ రంగంలో రివ్యూయర్లు కొద్దిమందే, మళ్ళీ ఆయన చేతికే వెళ్ళొచ్చు.

వస్తే, శాంక్షన్ ఆర్డర్ చేతికి రావడమే డబ్బు రావడం అనుకోకండి. ఇల్లలకగానే పండగ కాదు. సంస్థ తరఫున ప్రాజెక్టు ఖాతా తెరవాలి, పీఎఫ్‌ఎంఎస్ అనే ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్‌లో మ్యాప్ చేయించాలి, జేఆర్‌ఎఫ్ ప్రకటన ఇచ్చి ఇంటర్వ్యూ పెట్టాలి, జెమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో కొనుగోళ్ళు నడపాలి. శాంక్షన్ వచ్చిన వారంలోనే జేఆర్‌ఎఫ్ ప్రకటన ముసాయిదా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వండి, అదే అన్నిటికంటే నెమ్మదిగా కదిలే కాగితం. ఏడాది లెక్క మార్చి 31తో ముగుస్తుంది. యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఖర్చుల స్టేట్‌మెంట్ వెళ్ళకపోతే రెండో విడత ఆగుతుంది, ఖాతాలో వడ్డీ పడితే అదీ ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. ఫిబ్రవరిలోనే బిల్లులు ఒకచోట చేర్చి అకౌంట్స్‌లో కూర్చోండి, మార్చి చివరి వారంలో అక్కడ మీకు కుర్చీ కూడా దొరకదు.